ఇన్‌స్పెక్టరుగారి మాట

ఇన్‌స్పెక్టరనగానే పోలీసనుకునేరు, కాదు. ఆయన మురుగు పైపుల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఉద్యోగమంతా వీధుల్లో ఇనప మూతలు ఎత్తించి, లోపలికి టార్చి వేసి చూసి, "ఇది పనికిరాదు, తవ్వి మళ్ళీ వెయ్యండి" అని చెప్పడంతోనే గడిచిపోయింది. ఆయన బాగుందంటే బాగున్నట్టు. బాగాలేదంటే కాంట్రాక్టరు నెత్తిన గుడ్డ వేసుకున్నట్టు. మొహమాటానికి లొంగడనీ, ముఖం చూసి మాట మార్చడనీ పేరు. రిటైరైన రోజున దండ వేసిన పెద్దమనిషి కూడా ఆ సంగతే పొగిడాడు.

ఆ సభలోనే ఈ కథకి బీజం పడింది. భార్య తరఫు చుట్టాలు వచ్చి వరసలకి వరసలు నింపేశారు. ఆయన తరఫు వాళ్ళకని అట్టేపెట్టిన కుర్చీల్లో ఆఫీసువాళ్ళ హెల్మెట్లూ సంచులూ కూర్చున్నాయి.

"మీకసలు చుట్టాలే లేరా, ఉండీ వదిలేసుకున్నారా?" అని ఇంటికొచ్చాక ఆవిడ అడిగింది.

"తాతగారు పోయాక నాన్నా బాబాయీ మాట్లాడుకోవడం మానేశారు. దాంతో మేమూ మాట్లాడుకోలేదు."

"ఎందుకు మానేశారు?"

"ఏమో. ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో ఏదీ ఎవరూ చెప్పరు."

ఆవిడ చెప్పాల్సిందేదైనా అప్పటికప్పుడు ముఖం మీద చెప్పే మనిషి. డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైంది. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఈనాటికీ అద్దంలో చూసుకోకుండా బండి తియ్యరు, వెనక సీట్లోంచి కసురుతుందేమోనని భయం. మొగుడికి మాత్రం ఆ విద్య అబ్బలేదు. పెళ్ళయిన కొత్తలో నేర్పబోయింది గానీ, కాపురమో క్లచ్చో ఏదో ఒకటే మిగిలేలా ఉందని ఇద్దరూ మానుకున్నారు. అలాంటి ఆవిడ పాత స్కూలు బస్సొకటి కొనిపించి, సీట్లు పీకించి, రెండు మంచాలూ పొయ్యీ మడత బల్లా పెట్టించి, కింద పెద్ద నీళ్ళ ట్యాంకు బిగించి, "పదండి, ఏడాదంతా తిరిగి మీవాళ్ళందర్నీ వెతుకుదాం" అంది. దాన్ని ఇన్‌స్పెక్టరుగారు కారవాన్ అనేవారు. చుట్టాలు మాత్రం "బస్సొచ్చింది, బస్సొచ్చింది" అని గుమ్మాల్లోకి పరిగెత్తుకొచ్చేవాళ్ళు.

ఆవిడ నడిపేది, ఆయన దారి చూసేవారు. రివర్స్ చేసేటప్పుడు దిగి వెనకాల నిలబడి చెయ్యి ఊపడం ఆయన పని. "రానీ, రానీ, కొంచెం కుడి, రానీ, చాలు." ఆవిడకి అద్దాల కంటే ఆ గొంతు మీదే నమ్మకం. "ఈయన రమ్మంటే కళ్ళు మూసుకుని వస్తాను" అని చుట్టాల ముందు గొప్పగా చెప్పుకునేది.

మొదటి నెలల్లో నలుగురైదుగురు దొరికారు. అందరిలోకీ ఆయన మనసు ఎక్కువగా కొట్టుకున్నది బాబాయి కొడుకు కోసం. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే చొక్కా పంచుకుని తొడుక్కున్నవాళ్ళు. ఆ తమ్ముడు దర్జీ. ముందు గదిలో మిషను పెట్టుకుని కుట్టుపని చేస్తాడు. భార్య పోయింది. కూతురూ అల్లుడూ వెనక భాగంలో ఉంటారు. బస్సు దిగుతున్న అన్నని చూడగానే మెడలో టేపు ఊగిపోతుంటే పరిగెత్తుకొచ్చి కౌగలించుకుని, "అన్నయ్యా, ఆ ముక్కు చూస్తే చాలు, ఇంకేం అడగక్కర్లేదు" అని బావురుమన్నాడు. ఇన్‌స్పెక్టరుగారికీ కళ్ళు నిండాయి. ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదా అని తనని తానే తిట్టుకున్నారు.

అల్లుడిది పైపుల పని. పెద్దమామయ్యగారు ఫలానా అని తెలిసినప్పటి నుంచీ చేతులు కట్టుకుని ఆయన చుట్టూనే తిరిగాడు. చివరికి ధైర్యం చేసి వాకిట్లో ఉన్న మూత ఎత్తి, "ఇంటి లైనంతా నేనే వేశానండి. ఒక్కసారి చూస్తారా?" అన్నాడు. ఆయన మోకాళ్ళ మీద వంగి టార్చి వేసి చూశారు. వాలు, అతుకు, సిమెంటు నున్నగా తీర్చిన తీరు, ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

"పనంటే ఇదీ" అన్నారు.

అల్లుడి ముఖం విప్పారింది. ఆ రాత్రి భోజనాల దగ్గర తమ్ముడు ఆ ముక్కని నాలుగైదుసార్లు చెప్పించుకున్నాడు.

మర్నాడు వీధిలో బస్సు అడ్డంగా ఉందని ఎదురింటివాళ్ళు సణిగారు. "వాకిట్లోకి తెచ్చెయ్యండి వదినా, గేటు వెడల్పే" అన్నాడు తమ్ముడు. అల్లుడు అప్పటికే పనికి వెళ్ళిపోయాడు. ఉండుంటే ఆపేవాడే.

ఇన్‌స్పెక్టరుగారు వెనకాల నిలబడ్డారు. కాళ్ళ దగ్గర ఇనప మూత కనబడుతూనే ఉంది. పైపు ఆ మూత దగ్గర్నుంచి గేటు దాకా తిన్నగా వెళ్తుందనీ, మనుషులు నడిచే వాకిలి కాబట్టి లోతు తక్కువే ఉంటుందనీ ఆయనకి ఒకరు చెప్పాలా? అప్పుడే ట్యాంకు నిండా నీళ్ళు పట్టించారు కూడా. ఆపమంటే ఆవిడ మళ్ళీ వీధిలోకి తీసి, పక్కగా వంపు తిప్పి తేవాలి. తమ్ముడు చూస్తున్నాడు. ఎదురింటివాళ్ళు చూస్తున్నారు. ఒక్కసారే కదా అనుకున్నారు. ఆ మాట అన్నందుకు ఎంతమంది కాంట్రాక్టర్లని ఎండలో నిలబెట్టి చివాట్లేశారో లెక్కలేదు.

"రానీ, రానీ."

వెనక చక్రం కింద, మట్టి లోపల, టప్‌మని మొద్దు చప్పుడైంది.

ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏంటండీ ఆ చప్పుడు?"

"పెంకుముక్క. రానీ."

ఆ చప్పుడేమిటో ఆయనకి తెలుసు. జీవితమంతా విన్న చప్పుడు. అప్పుడే "తమ్ముడూ, మీ పైపు పగలగొట్టాం" అని ఉంటే అల్లుడు సాయంత్రానికి తవ్వి, నవ్వుతూ కొత్త ముక్క వేసేవాడు. కానీ నోరు పెగలలేదు. ఇన్నాళ్ళకి దొరికిన తమ్ముడి ఇంట్లో అడుగు పెట్టిన మర్నాడే, ఇంత పేరున్న ఇన్‌స్పెక్టరు దగ్గరుండి పైపు తొక్కించాడంటే ఎంత నామోషీ? సాయంత్రం చెబుదామనుకున్నారు. సాయంత్రం అల్లుడు "మీరు బాగుందన్నారని మా మేస్త్రీతో చెప్పానండి" అంటూ వచ్చాడు. రేపు చెబుదామనుకున్నారు. మూడు వారాలుంటామని మాటిచ్చినవాళ్ళు వారం తిరక్కుండానే, ఎవరో పెద్దావిడకి ఒంట్లో బాగాలేదని వంక పెట్టి బయల్దేరారు. తమ్ముడు చిన్నబుచ్చుకున్నాడు. అయినా తన చేత్తో కుట్టిన చొక్కా అన్న చేతిలో పెట్టే పంపించాడు.

రెండు నెలల తర్వాత ఫోనొచ్చింది. ఆవిడ కూరగాయలకి వెళ్ళింది. ఆయన బస్సు మెట్టు మీద కూర్చుని ఉన్నారు.

"అన్నయ్యా, మురుగు వెనక్కి తన్ని వెనక గది నేల ఉబ్బిపోయింది. కంపు భరించలేకపోతున్నాం. వాకిట్లో తవ్వి చూస్తే పైపు ముక్కలైంది. అంతా మా అల్లుడి నిర్వాకం. పైగా ఏమంటాడో తెలుసా? పైనుంచి ఏదో బరువు పడిందిట, మీ బస్సు గానీ ఎక్కిందేమోనట. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళ మీదకి నెడతాడా, సిగ్గు లేకపోతే సరి! నీకు తెలియందేముంది, నువ్వే చెప్పు. సరిగ్గా వేసిన పైపు ఊరికే పగులుతుందా?"

ఇన్‌స్పెక్టరుగారు ఫోను రెండో చెవికి మార్చుకున్నారు. తలుపు ఇంతకంటే బార్లా ఎవరు తెరుస్తారు? ఒక్క అడుగు వేస్తే చాలు. ఆయన వెయ్యలేదు.

"కింద ఇసుక సరిగా పరవకపోతే పగులుతుంది" అన్నారు.

"అదీ! నేనూ అదే అన్నాను!" అన్నాడు తమ్ముడు.

ఆ వాక్యంలో అబద్ధం లేదు. ఏ ఇంజనీరు ముందైనా నిలుస్తుంది. ఆ సంగతే ఆయన తనకి తాను వందసార్లు చెప్పుకున్నారు, ఒక్కసారీ ఊరట దొరకలేదు. ఒక మనిషి అన్నం ముద్ద తన నోటితో లాగేశానని లోపల ఎవరో అంటూనే ఉన్నారు.

ఇంకొన్నాళ్ళకి తమ్ముడి నుంచి మరో ఫోను. మామా అల్లుడూ మాటా మాటా అనుకున్నారట. కూతుర్నీ అల్లుణ్ణీ ఇంట్లోంచి వెళ్ళిపొమ్మన్నాడట. మొదట రోషంగా మొదలుపెట్టి, చివరికి "ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఇంకేం వినబడట్లేదు అన్నయ్యా" అన్నాడు. ఆయన ఊఁ కొట్టి ఊరుకున్నారు. ఆ ఊఁ ఆయన నాన్నదే. బాబాయి పేరెత్తినప్పుడల్లా నాన్న సరిగ్గా అలాగే ఊఁ అనేవాడు. వేర్లు వెతుక్కుంటూ బయల్దేరిన మనిషికి దొరికిన వేరు అదీ.

ఆ తర్వాత ఏ చుట్టం ఇంటికి వెళ్ళినా ముద్ద దిగేది కాదు. ఎక్కడ చూసినా ఒకటే మర్యాద. "ఈయన మాటంటే మాటే" అంటారు, స్నానాలగదిలో నీళ్ళు నిలుస్తున్నాయి చూసిపెట్టమంటారు. ఆయన నీళ్ళు నములుతూ, "ఎవరైనా మంచి పనివాణ్ణి పిలిపించండి" అనేవారు. బస్సు వెనక్కి తెచ్చేటప్పుడు మునుపటిలా చెయ్యి ఊపడమూ మానేశారు. దిగి చక్రాల కింద వంగి చూడటం, నేల తట్టడం, మళ్ళీ చూడటం. వెనక కార్లవాళ్ళు హారన్లు కొడుతున్నా రమ్మని నోటితో అనేవారు కాదు.

ఆవిడ కొన్నాళ్ళు ఓపిక పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం, రోడ్డు పక్కన నీడ చూసి బండి ఆపి, ఇంజను కట్టేసింది.

"చెప్పండి, ఏం మింగారో. కక్కితే గానీ బండి కదలదు."

ఆయన చెప్పారు. మొత్తం చెప్పారు, మూత కనబడిందని కూడా. ఆవిడ స్టీరింగు మీంచి చేతులు తీయకుండా విన్నది.

"నడిపింది నేను. తొక్కింది నా చక్రం. నా తప్పు నాకు తెలియకుండా దాచారా?"

"నువ్వు బాధపడతావని..."

"నా మీద పెట్టకండి! నా కోసం నోరు మూసుకోలేదు మీరు. పేరు పోతుందని మూసుకున్నారు. అక్కడ ఆ పిల్లాడి పేరు పోయింది, అది మీకు పట్టలేదు. ఇన్నేళ్ళు మీ గొంతు నమ్మి నడిపాను నేను. ఇప్పుడు మీరు రమ్మంటే రావాలా, అద్దం చూసుకోవాలా?"

ఆవిడ ఇంజను పెట్టి బండి వెనక్కి తిప్పింది. ఆ రోడ్డు మీద తిప్పడం కష్టమే. అయినా ఆయన్ని దిగమనలేదు. మూడు అద్దాలూ చూసుకుని తనే తిప్పుకుంది.

తమ్ముడు మిషను దగ్గరే ఉన్నాడు. ఈసారి బస్సు వీధి చివరే ఆగింది. అన్న చెప్పేదంతా వింటూ సూదిలోకి దారం ఎక్కించబోయాడు. దారం ఎక్కలేదు. పక్కన పెట్టేశాడు.

"మరి నేను ఫోన్లో అడిగినప్పుడు?"

"అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు."

"నేను వాణ్ణి అనరాని మాటలన్నాను అన్నయ్యా. అన్నం పెట్టిన ఇంటికే కన్నం పెట్టావన్నాను. నీ మాట పట్టుకునే అన్నాను."

తిడతాడనీ, గెంటేస్తాడనీ ఇన్‌స్పెక్టరుగారు సిద్ధపడి వచ్చారు. తమ్ముడు అవేవీ చెయ్యలేదు. గొంతు తగ్గించి, "అయిందేదో అయిపోయింది. వాళ్ళెక్కడో సర్దుకున్నారు. ఇప్పుడు నువ్వు వెళ్ళి చెబితే నేను వాడి ముందు తలెలా ఎత్తుకోను? మన ముగ్గురి మధ్యే ఉండనీ" అన్నాడు.

చెప్పడానికి సిగ్గుచేటు గానీ, ఆ క్షణంలో ఇన్‌స్పెక్టరుగారికి ప్రాణం లేచొచ్చింది. చెప్పాల్సినవాడికి చెప్పేశాం, వద్దన్నది వాడు, ఇంక మన తప్పేముంది అని మనసు అప్పుడే ఒక వాక్యం సిద్ధం చేసేసింది. అది కూడా అబద్ధం లేని వాక్యమే. అది తట్టగానే ఆయనకి తన మీద తనకే రోత పుట్టింది.

"నేను వెళ్తాను తమ్ముడూ" అన్నారు లేచి.

"మరిదిగారూ, ముందు సీటు ఖాళీయే. మీరూ రండి" అంది ఆవిడ.

తమ్ముడు వీధి చివరిదాకా వచ్చాడు. బస్సు మెట్టు మీద ఒక కాలు కూడా పెట్టాడు. తర్వాత ఆ కాలు వెనక్కి తీసుకుని, "మిషను మీద గుడ్డ అలాగే వదిలేసొచ్చాను" అని గొణిగి, ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఎదురింటివాళ్ళు చెప్పిన ఆనవాలు పట్టుకుని వెళ్తే, కూతురూ అల్లుడూ ఉన్నది ఒక దుకాణం మీద అద్దె గది. తలుపు తీసిన కూతురు "పెద్దమ్మా, పెదనాన్నా" అని మొదట మురిసిపోయి, మంచం మీద బట్టలు పక్కకి నెట్టి కూర్చోబెట్టింది. టీ పెట్టింది. అల్లుడు అప్పుడే పనిలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. పైపుల పని కాదు. ఏదో గోడౌనులో పెట్టెలు దించే పని. మనిషి సగమయ్యాడు.

ఇన్‌స్పెక్టరుగారు టీ ముట్టుకోకుండానే మొదలుపెట్టారు. మధ్యలో ఎక్కడా ఆగలేదు, సాకులేవీ కలపలేదు. అయిపోయాక కూతురే ముందు నోరు తెరిచింది.

"చుట్టాలు కావాలని ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నారు మీరు. ఉన్న ఇల్లు విడగొట్టి వెళ్ళారు. మా నాన్న ముఖం చూసి ఎన్నాళ్ళయిందో తెలుసా పెదనాన్నా? ఆయనకి చెప్పారా?"

"చెప్పానమ్మా."

"ఏమన్నాడు?"

ఆవిడే అందుకుంది. "బస్సు మెట్టు దాకా వచ్చి ఆగిపోయాడమ్మా."

కూతురు ముఖం తిప్పుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళి నిలబడింది. అల్లుడు మాత్రం కోప్పడలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"తవ్వినప్పుడు నేను చూశానండి పెద్దమామయ్యగారూ" అన్నాడు మెల్లగా. "పైపు పైనుంచి లోపలికి కుంగింది. కింద ఇసుక పరిచింది పరిచినట్టే ఉంది. పైనుంచి బరువు పడిందని నాకనిపించింది, అదే మామయ్యగారితో అన్నాను. తర్వాత ఆయన వచ్చి, ఇసుక సరిగా లేదని మీరన్నారని చెప్పారు. మీ అంతటివారు చూడకుండానే కనిపెట్టారంటే నేను కళ్ళారా చూసిందే తప్పయ్యుంటుంది అనుకున్నానండి."

"బాబూ..."

"ఆ తర్వాత ఏ ఇంట్లో పనికి దిగినా ఇసుక సర్దిందే సర్దడం. ఎంత సర్దినా బాగున్నట్టు అనిపించదు. దించిన పైపు మళ్ళీ పైకి తీసేవాణ్ణి. మేస్త్రీ చూసి చూసి మానెయ్యమన్నాడు. మామయ్యగారి దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనని క్షమాపణ కూడా చెప్పుకున్నానండి. ఆయన తలుపు తియ్యలేదు."

ఆ సంగతి తమ్ముడు చెప్పనే లేదు. ఇన్‌స్పెక్టరుగారు మంచం మీంచి లేచి అల్లుడి రెండు చేతులూ పట్టుకున్నారు. చెయ్యని తప్పుకి క్షమాపణ చెప్పుకున్న చేతులు అవి. ఆయన దుఃఖం ఆపుకోలేకపోయారు.

"నీ పనిలో ఇసుమంత తప్పు లేదు బాబూ. నా సర్వీసులో అంత మంచి పని చూడలేదు. రేపే మీ మేస్త్రీ దగ్గరికి నేనొచ్చి చెబుతాను. నువ్వు మళ్ళీ పని పట్టుకో. బాగుందని నేను చెబుతున్నాను."

అల్లుడు చేతులు విడిపించుకోలేదు.

"అప్పుడు కూడా మీరే చెప్పారు కదండీ" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు అది. ఆయన ముఖంలోకి చూస్తూ, ఏది నమ్మాలో తెలియక, నిజంగానే అడుగుతున్నాడు.